అడగని సజ్జ

మునిసిపల్ ఆఫీసు వరండాలో అర్జీలు రాసి బతికినవాణ్ణి నేను. పేరు రాజారత్నం. సొంతూరు రెంటచింతల. మిషన్ బడిలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుతో మాటపట్టింపు వచ్చి మానేసి ఈ ఊరు చేరాను. గోడ లేపాలన్నా, వంటిల్లు పెంచాలన్నా, అరుగు వేయాలన్నా, ఏ పనికి అనుమతి కావాలో దేనికి అక్కర్లేదో నాకు కొట్టినపిండి అనుకునేవాణ్ణి. ఆ గీర హజ్రా బీని ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హజ్రా బీ పుట్టిల్లు ఎడ్లపాడు. దూదేకుల వాళ్ల పిల్ల. అబ్దుల్ మజీదును చేసుకుని మా ఊరొచ్చింది. అతను దూది ఏకేవాడు, ఆమె పరుపులు కుట్టేది. మా పేటలో పెళ్లయితే పరుపు ఆమె చేతిదే. కుట్టు ఒక్కటి వంకర పోయినా విప్పి మళ్లీ కుట్టేది, పెళ్లివారు గుమ్మంలో నిలబడి తొందరపెట్టినా సరే. మాట కూడా అంతే తిన్నగా ఉండేది. పిల్లలు లేరు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఇరవయ్యేళ్లు గడిపారు.

సందులో మట్టిగోడల ఒంటి గది వాళ్లది. తలుపు తప్ప గాలి దూరే కంత లేదు. కావాలనే అలా కట్టుకున్నారు. కాస్త గాలి తగిలితే చాలు, ఏకిన దూది ఇల్లంతా లేస్తుంది. ఆ నుసి పీల్చి పీల్చి నలభై ఐదో ఏట మజీదు మంచం పట్టాడు. 1943 వేసవి అది. ఆస్పత్రి డాక్టరు ఇంటికొచ్చి గుండెల మీద గొట్టం పెట్టి చూసి, "మందుల కంటే ముందు ఇతనికి గాలి కావాలి. ఆ గోడకి కిటికీ పెట్టించమ్మా" అన్నాడు.

మేస్త్రీ యల్లమంద ఆ సాయంత్రమే వచ్చి గోడ తట్టి చూశాడు.

"మట్టిగోడే గదక్కా. రేపు పొద్దున పలుగు పెడితే మజ్జాన్నానికి కిటికీ అయిద్ది."

హజ్రా బీ ఒప్పుకోలేదు. రెండేళ్ల క్రితం ఇంటిముందు మూరెడు అరుగు వేయిస్తే, అది వీధి స్థలమని మునిసిపాలిటీ మనుషులు వచ్చి తీసేయించారు. నలుగురి ముందు జరిగిన ఆ అవమానాన్ని ఆమె మరిచిపోలేదు.

"కాయితం లేకుండా గోడ ముట్టుకోవద్దు తమ్ముడూ. సగం పగలగొట్టినాక ఆపమంటే ఆయన్ని ఏడ పడుకోబెట్టను?" అంది.

మర్నాడు ఇద్దరూ నా దగ్గరికొచ్చారు.

"ఏం పని?" అన్నాను కలం తీసి.

"కిటికీ సజ్జండి" అన్నాడు యల్లమంద.

మా వైపు మేస్త్రీలకు అది ఒకే మాట. సజ్జంటే వాన లోపల పడకుండా కిటికీ నెత్తిన వీధిలోకి పొడుచుకొచ్చే రాతిపలక. కిటికీ పెట్టినవాడు సజ్జ పెట్టక మానడు కాబట్టి రెండూ కలిపి అనేస్తారు. సజ్జ నిజంగా కావాలా అని నేను అడగలేదు. పైగా గొప్పకు పోయి, "అడుగున్నర వెడల్పు గల సజ్జతో కూడిన కిటికీ" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఇల్లు మజీదుది గనుక అర్జీ అతని పేరునే రాసి, మంచం దగ్గరికి వెళ్లి వేలిముద్ర వేయించాను.

"ఏందే, గాలిక్కూడా అర్జీనా?" అని అతను భార్య వైపు చూసి నవ్వబోయి దగ్గాడు.

వీధి మీదికి వచ్చే కట్టడమంటే ప్లాను గీయాలి, ఓవర్సీరు వచ్చి సందు కొలవాలి, ఎదురింటివాళ్ల అభ్యంతరాలు వినాలి. దానికి రెండు నెలలు పట్టేది. ఆఫీసువాళ్లు తమ పద్ధతిలోనే నడిచారు, వాళ్లను అనడానికి ఏమీ లేదు. ప్రతి సోమవారం హజ్రా బీ వరండాకు వచ్చి, "వచ్చిందా మేస్టారూ?" అనేది. "రూలు రూలే గదమ్మా, వస్తుంది" అనేవాణ్ణి, అన్నీ తెలిసినవాడిలాగా. ఆమె పరుపులు కుట్టడం మానేసింది. మంచాన్ని తలుపు దాకా ఈడ్చి, పక్కన కూచుని తడిగుడ్డతో విసురుతుండేది. యల్లమంద రెండుసార్లు పలుగు తెచ్చాడు. రెండుసార్లూ ఆమె వెనక్కి పంపింది. ఏడో వారంలో మజీదు పోయాడు.

ఆ తర్వాత పది రోజులకు కాగితం వచ్చింది. హజ్రా బీ దాన్ని మడత విప్పకుండా తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో రెండే వాక్యాలున్నాయి. సందు ఇరుకు గనుక సజ్జకు అనుమతి లేదు. సొంత గోడలో కిటికీ పెట్టుకోవడానికి అనుమతి అవసరం లేదు.

మొదటిది పైకి చదివాను. రెండోదానికి నోరు రాలేదు. ఆమెకు అక్షరం రాదు, దాటేస్తే అడిగేవాళ్లు లేరు. ఆ పాపం కూడా మూటగట్టుకోలేక చదివాను.

"అంటే, కిటికీకి కాయితమే అక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా."

"యల్లమంద చెప్పిన రోజే పగలగొట్టుకోవచ్చా?"

"కొట్టుకోవచ్చు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఆఫీసు మెట్ల మీద కూచుని వెళ్లిపోయింది. నాకు ఆ రోజు కలం పట్టబుద్ధి కాలేదు.

మజీదు పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక మళ్లీ వచ్చింది.

"ఇంకో అర్జీ రాయండి మేస్టారూ."

"దేనికమ్మా?"

"సజ్జ కావాలని ఆయన పేరుతో ఆఫీసులో కాయితం ఉంది గదా. ఆయన సజ్జ అడగలా. గాలడిగాడు. పోయినోళ్ల పేరున వాళ్లు అడగని మాట ఉండకూడదు. కొట్టేయమనండి."

ఒకసారి దాఖలైన కాగితంలో మాట కొట్టేయడం ఏ రూలులోనూ లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. "మీరు రాయండి" అంది. తెల్లకాగితం తీసి రాశాను: "అర్జీదారు అబ్దుల్ మజీదు సజ్జ కోరలేదు. కిటికీ మాత్రమే కోరాడు. సజ్జ అనే మాట అర్జీ రాసిన రాజారత్నం, అవసరమా అని అడగకుండా చేర్చినది."

పైకి చదివి వినిపించాను. ఆమె మరోసారి చదవమంది. చదివాను. వేలిముద్ర వేసింది. దాని కింద, అన్నేళ్లలో ఒకరి అర్జీ మీద ఎన్నడూ పెట్టని నా సంతకం పెట్టాను.