పైన ఎవరన్న ఉన్నరా

కల్లు గీసే మేడిపల్లి రాజేశం ఏ తాటిచెట్టు ఎక్కబోయినా ముందు మొదట్లో నిలబడి, చెట్టును అరచేత్తో రెండుసార్లు చరిచి, "పైన ఎవరన్న ఉన్నరా?" అని కేకేస్తాడు. పైన ఎవరూ లేరని కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అయినా అడుగుతాడు. మట్టల మాటున మనిషి ఉంటే కత్తి జారవచ్చు, కల్లు లొట్టి జారవచ్చు. పైనున్నవాడు దిగేదాకా కిందివాడు చెట్టుకు ఎక్కే తాడు, మోకు వేయకూడదు. అది ఆ ఇంటి నియమం.

ఆ అలవాటు ఆయన కూతురు లతకూ అంటుకుంది. కోరుట్లలో డిగ్రీ, జగిత్యాలలో ఎంసీఏ చదివి సిరిసిల్లలో ఉద్యోగానికి వచ్చాక కూడా, తలుపు బార్లా తీసి ఉన్న గదిలోకైనా పిలవందే అడుగు పెట్టదు. ఆఫీసులో అందుకు నవ్వేవాడు శ్రావణ్ ఒక్కడే.

"నీ అయ్యకు తాటిచెట్లున్నయ్, కేకేస్తడు. నీకేమున్నయే, కుర్చీలా?" అనేవాడు.

శ్రావణ్ పోయి ఎనిమిది నెలలైంది.

వాళ్లు పనిచేసేది చిన్న ఆఫీసు. జకార్డు మగ్గాల మీద చీర అంచుల్లో పూలు, పిట్టలు ఎలా పడాలో మగ్గానికి చెప్పే ప్రోగ్రాములు రాస్తారు. యజమాని సంజయ్ రావు. కిందటేడు ఒక పెద్ద ఆర్డరులో అంచు తప్పు పడింది. నెమళ్లన్నీ ముందుకు నడుస్తూ తలలు మాత్రం వెనక్కి తిప్పి చూస్తున్నాయి. మగ్గాల యజమాని జలపతి చీరలు తెచ్చి టేబుల్ మీద పడేసి, "గివి ఎవల్ని సూస్తున్నయ్ సార్?" అని అడిగి వెళ్లిపోయాడు. ప్రోగ్రాములో నెమలి తల లైను మార్చినట్టు ఉన్నది శ్రావణ్ పేరు మీద. సంజయ్ అందరి ముందూ అతన్ని తిట్టాడు. శ్రావణ్ ఎదురు చెప్పలేదు. కాసేపు తన సీట్లో కూర్చుని, బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులకు ఎల్లారెడ్డిపేట రోడ్డు మీద లారీ గుద్దింది.

లతకు ఒక్కటే తెలియాలి. తెలియకూడదు కూడా. ఆ తప్పు జరిగిన వారం, తన కంప్యూటరు మొరాయించిన ఒక మధ్యాహ్నం, శ్రావణ్ అన్నానికి వెళ్లినప్పుడు ఆమె అతని సీట్లో కూర్చుని ఆ ఫైలులోనే ఏదో సరిచేసింది. ఆ ఒక్క రోజు ఎవరినీ పిలవలేదు. తాను ముట్టుకున్నది ఆ లైనేనా, వేరొకటా అన్నది ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. గుర్తు రావడం లేదని ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో సంజయ్ ఒక పని అప్పగించాడు. "సోమవారం సంది అందరు ఒక్క ఎడిటరే వాడాలె. మూడు పెట్టిచ్చిన. ఏది తొందరగ తెరుస్తది, ఏది ఎంత మెమరీ తింటది, ఏది ఎంత సాయం జేస్తది, పట్టిక రాసియ్యి. ఆ శ్రావణ్ డబ్బాల ఉన్నయన్ని వేరే దాంట్లకు ఎత్తి, దాన్ని సుత సోమవారం తుడిచేద్దాం."

కోడు రాసుకునే ఆ ఎడిటర్లకు పేర్లున్నా, ఆఫీసులో వాటిని బొమ్మల రంగును బట్టి నీలంది, తెల్లది, నల్లది అనేవాళ్లు. నల్లది పాతది. బటన్లు ఉండవు, మౌసు పనిచేయదు, నల్లటి తెర, మిణుకుమనే కర్సరు. దాన్ని వాడింది శ్రావణ్ ఒక్కడే.

ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టి ఉంది. ఊడ్చే దుర్గవ్వ తప్ప ఆఫీసులో ఎవరూ లేరు. శ్రావణ్ టేబుల్ కింద అతని కంప్యూటరు ఇన్వర్టరు మీద సన్నగా మూలుగుతూనే ఉంది. ప్రోగ్రాములన్నీ ఉండేది అందులోనే, అందుకే ఎవరూ ఆపలేదు. తెర మాత్రం ఎవరో పట్టుకుపోయారు. డబ్బా మీద దుమ్ము పడకుండా దుర్గవ్వ ఆ తప్పు చీరల్లో ఒకటి కప్పింది. నెమళ్లు వెనక్కి చూస్తున్నాయి.

"గా టేబుల్ కింద ఊడ్వవా దుర్గవ్వా?"

"ఊడ్వ బిడ్డా. గక్కడ చీపిరి పెడితె కాళ్లకు తాకినట్టే ఐతది."

"ఎవలి కాళ్లకు?"

దుర్గవ్వ బకెట్ తీసుకుని మెట్లు దిగిపోయింది.

బరువు తూచాలంటే పెద్ద బస్తానే ఎత్తాలి. ఆఫీసులో అన్నిటికంటే పెద్దది నలభై వేల లైన్ల ఆ అంచు ఫైలే. గొడవ తరవాత మగ్గాలకు పాత నకలు పెట్టి దీన్ని పక్కన పడేశారు. ఎనిమిది నెలలుగా ఎవరూ తెరవలేదు.

నీలంది పదకొండు సెకన్లు తీసుకుంది. తెరిచాక మాత్రం రంగురంగులుగా అంతా విప్పి చూపింది. తెల్లది మూడు సెకన్లలో తెరిచింది, వెతకడంలో ముందుంది, సాయం తక్కువ. నీలందానికి ఇంకో గుణం ఉంది. మనం రాస్తుంటే తరవాతి మాటలు బూడిదరంగులో తనే చూపిస్తుంది, ఒక్క మీట నొక్కితే అవి మనవైపోతాయి. ఆఫీసులో అందరూ కోడు పక్కన ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగులో గమనికలు రాసుకుంటారు. అది కూడా పట్టుకుంటుందా అని చూడాలనుకుంది లత. నెమలి తల లైను దగ్గరికి వెళ్లి, 'ఈ లైను మార్చింది' అని కొట్టి ఆగింది.

బూడిదరంగులో ఒక పేరు వచ్చింది. శ్రావణ్.

ఫైలు నిండా ఉన్నది అతని పేరే కాబట్టి అదే వస్తుంది. ఆమెకు తెలుసు. అయినా వేలు ఆ మీట మీదే చాలాసేపు ఉండిపోయింది. తరవాత అంతా చెరిపేసి, పట్టికలో 'సాయం' అన్న గడిలో 'బాగుంది' అని రాసింది.

మిగిలింది నల్లది. అందులో ఫైలు తెరవబోయింది. తెరవలేదు. నల్లటి తెర మీద నాలుగు వరుసలు వచ్చాయి. ఈ ఫైలును ఇప్పటికే ఒకరు తెరిచి ఉంచారు. తెరిచినవారు: శ్రావణ్. ఇంకా లోపలే ఉన్నారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సిరిసిల్లలో మగ్గాల మోత గాలిలాంటిది, ఉన్నట్టే తెలియదు. అది ఒక్కసారిగా ఆగిపోయేసరికి వీధంతా ఊపిరి బిగపట్టినట్టయింది. వినిపిస్తున్నది టేబుల్ కింది మూలుగు ఒక్కటే.

నీలంది అడగలేదు, తెల్లది అడగలేదు. రెండూ తలుపు నెట్టుకుని లోపలికి పోయాయి. పైన మనిషి ఉన్నాడని చెప్పింది ఈ నల్లది మాత్రమే. లత కుర్చీ వెనక్కి నెట్టింది. లేచి, చీర తొలగించి, వేరే టేబుల్ మీది తెరను తెచ్చి ఆ డబ్బాకు, ఇన్వర్టరుకు తగిలించింది. ముందు టేబుల్‌ను అరచేత్తో రెండుసార్లు చరిచింది.

"పైన ఎవరన్న ఉన్నరా?"

తెర వెలిగింది. శ్రావణ్ లేచి వెళ్లినప్పుడు ఎలా వదిలాడో అలాగే ఉంది. నెమలి తల లైను. మారిన లైను ఏదో చూడగానే ఆమె గుర్తుపట్టింది. ఎడమ నుంచి లెక్కపెట్టాల్సిన దారాలను కుడి నుంచి లెక్కపెట్టడం ఆమె పద్ధతి, ఆఫీసులో ఇంకెవరికీ లేదు. దాని కింద అతను ఒక గమనిక మొదలుపెట్టాడు. భద్రం చేయలేదు.

'గిది నేను మార్చలే. మార్చింది'

అక్కడ ఆగింది. ఆ మాట పక్కన కర్సరు ఆరి వెలుగుతోంది, ఆరి వెలుగుతోంది. ఎనిమిది నెలలుగా ఒక పేరు కోసం.

అతనికి తెలుసన్నమాట. తెలిసీ ఆ పేరు కొట్టకుండా లేచి వెళ్లిపోయాడు.

నల్లది ఏ పేరూ చూపించలేదు. దానికి ఆ గుణం లేదు. ప్రతి అక్షరం మనమే కొట్టాలి. లత మూడు మీటలు తడబడి, చెరిపి, మళ్లీ కొట్టింది. లత. భద్రం చేసి, మూసింది. కరెంటు వచ్చింది, ఒక్కొక్క మగ్గమే అందుకుంది. తన కంప్యూటరు మీద ఫైలును మళ్లీ తెరిస్తే నల్లది ఈసారి ఏమీ అడగలేదు. లోపల ఎవరూ లేరు. కరెంటు వచ్చింది, ఒక్కొక్క మగ్గమే అందుకుంది.

సంజయ్‌కు ఫోన్ చేసింది.

"ఏది మంచిగున్నది?" అన్నాడతను.

"నీలంది సాయం జేస్తది సార్. నల్లది నిజం చెప్తది. గా నెమళ్లు తప్పింది నా తోటి సార్. శ్రావణ్ తోటి కాదు."

"వాళ్ల అవ్వకు ఎవరు చెప్తరు?" అన్నాడు సంజయ్, తనలో తాను అనుకున్నట్టు.

"నేనే పోత."

ఎల్లారెడ్డిపేటలో బస్సు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. శ్రావణ్ తల్లి మొగిలవ్వ ఇల్లు అడిగి తెలుసుకుంది. తలుపు తీసే ఉంది, లోపల చీకటి. లత గడప అవతలే నిలబడి ద్వారబంధాన్ని రెండుసార్లు చరిచింది.

"లోపల ఎవరన్న ఉన్నరా?"

"తలుపు తీసే ఉన్నది. కార్తీకం సంది తీసే ఉంచిన," అంది లోపలి నుంచి ఒక ముసలి గొంతు. "గట్ల కేకేసే పిల్ల ఒకతున్నదని మావోడు చెప్పేటోడు. నువ్వేనా? నీ పేరేంది బిడ్డా?"