పెద్దాయన పోతేనే బావకు ఉద్యోగం

మా బావ రచయిత. అంటే ఉద్యోగం లేదని అర్థం. ఒకప్పుడు తలనొప్పి మాత్రల కంపెనీలో ప్రకటనలు రాసే పని దొరికితే, "తల ఉన్నాక నొప్పి ఉంటుంది, ఓర్చుకోండి" అని రాసిచ్చి మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేశాడు. అప్పటినుంచీ మా అక్క కుట్టుమిషను మీదే ఆ ఒంటిగది కాపురం నడుస్తోంది. మిషను మొరాయించిందంటే ఆ పూట పొయ్యిలో పిల్లి లేవదు. అలాంటి రోజునే బావ మరీ హుషారుగా రాస్తాడు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

అలాంటివాడికి ఒక పత్రికాఫీసు నుంచి పిలుపొచ్చింది. ఆ పత్రిక పెట్టిన పెద్దాయన మంచం పట్టాడు. పేరున్నవాళ్ళు పోకముందే నివాళి వ్యాసం రాయించి, తేదీ చోటు ఖాళీ వదిలి, సిద్ధంగా ఉంచుకోవడం పత్రికలవాళ్ళ పద్ధతి. ఆ వ్యాసం రాయమని పెద్దాయన కొడుకే బావను అడిగాడు.

"నాన్నగారుండగా కొత్తవాళ్ళని తీసుకోనివ్వరు. ఇది అచ్చయిన మర్నాడు వచ్చి కుర్చీలో కూర్చోండి," అన్నాడు.

బావ రాశాడు. నిజం చెప్పొద్దూ, బాగా రాశాడు. నేనే రెండుసార్లు చదివాను. ఇక పెద్దాయన పోవడమే తరువాయి.

ఆయన ఉన్నది నేను పనిచేసే ఆసుపత్రిలోనే. రోగుల పక్కలు మార్చడం, బెడ్‌పాన్లు తీయడం నా పని. సాయంత్రం అక్క ఇంటికి వెళితే, చెప్పులు విప్పకముందే అడిగేది.

"ఎలా ఉందిరా ఆయనకి?"

"మంచినీళ్ళు కూడా దిగటం లేదక్కా."

"అయ్యో పాపం," అనేది. ఆ రోజు నా టీలో చక్కెర ఎక్కువ పడేది. కాస్త తేరుకున్నాడని చెబితే టీ ఊసే ఉండదు. మా అక్క చీమను కూడా తొక్కకుండా చూసి అడుగేసే మనిషి. అలాంటి మనిషే ఇలా అయిందంటే, ఆ గదిలో కాపురం చేస్తే నేనూ ఇలాగే తయారయ్యేవాణ్ణి.

ఒకరోజు డాక్టరు కొడుకును పక్కకు పిలిచి, చూడాల్సినవాళ్ళను రప్పించుకోమన్నాడు. ఆ కబురు మోసుకెళ్ళగానే అక్క బావ చొక్కా ఇస్త్రీ చేసి దండెం మీద పెట్టింది.

మర్నాడు ఆ చొక్కా వేసుకుని మహానుభావుడు ఎక్కడికి తగలడ్డాడంటారా? ఆసుపత్రికి, వ్యాసం జేబులో పెట్టుకుని. రాసింది ఎవరికో ఒకరికి వినిపిస్తేగాని ఈ రచయితలకు అన్నం సహించదు. పైగా ఎవరి గురించి రాశాడో ఆయన వినకుండానే పోతాడని మా బావకు బెంగ. నేను బెడ్‌పాన్ పట్టుకుని వచ్చేసరికి, చావు కబురున్న వాక్యాలు దాటేస్తూ గడగడా చదివేస్తున్నాడు. సైగ చేశాను, దగ్గాను. వింటేగా! పెద్దాయన కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి.

"నేనింత చేశానా," అన్నాడు. "మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు. మర్నాడు పెద్దాయన ఆకలన్నాడు. తర్వాత లేచి కూర్చున్నాడు. నెల తిరిగేసరికి ఆఫీసుకే వెళ్ళి, కొత్త ఉద్యోగాల మాటెత్తొద్దని కొడుకును కసిరాడు. బావను మాత్రం మరిచిపోలేదు. రోజూ పొద్దున్నే తనింటికొచ్చి ఆ వ్యాసం వినిపించి వెళ్ళమన్నాడు, ఊరికే. మా బావ వెళ్ళి వినిపించి వస్తున్నాడు.

ఇదంతా తెలిసిన రోజున అక్క మిషను ఆపింది.

"ఆయనకి చదవమని మీకెవరు చెప్పారండీ?"

బావ తల దించుకోలేదు సరికదా, మొహం వెలిగిపోతోంది. "నీకు తెలీదు. ఇన్నేళ్ళకి నేను రాసింది విని ఒక మనిషి ఏడ్చాడు."

"పెళ్ళయినప్పట్నుంచీ నేను ఏడుస్తూనే ఉన్నాను," అంది అక్క. "ఒక్కరోజైనా చూశారా?"

బావ అప్పుడూ ఆమె వంక చూడలేదు. "ఈ మాట బాగుంది," అని గొణుక్కుని, పెన్నుందా అని నన్నడిగాడు.

నా జేబులోనే ఉంది. లేదన్నాను.