బావగారి కాగితం, అత్త మోకాలు

ఇన్సూరెన్సు కంపెనీ మీదికి యుద్ధానికి వెళ్ళి, శత్రువుకు వేష్టి, తుండు (మీ మాటల్లో పంచె, కండువా) పెట్టి, నేతిసీసా చేతికిచ్చి, వంగి దండం పెట్టి తిరిగొచ్చిన వీరుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడం అయిపోయాక మా అలమేలత్త గురించి కూడా ఒక్క నిమిషం తలచుకోండి. ఎందుకంటే ఆ రోజు నేను చేసిన ఘనకార్యానికి బలైపోయింది ఆమె ఎడమ మోకాలు.

అలమేలత్త మా నాయనకు చెల్లెలు. తమిళనాడులో అవినాశి పక్కన మా పల్లెలోనే, పెనిమిటి పోయాక నాలుగు ఆవుల్ని మేపుకుని, పాలు పోసి బతికింది. నా డిప్లొమా ఫీజు కూడా ఆ పాలలోంచి వచ్చిందే. ఒక వానాకాలం కొట్టంలో జారిపడి రెండు మోకాళ్ళూ చెడగొట్టుకుంది. కోయంబత్తూరు డాక్టరు చూసి, "రెండూ మార్చాలి. ముందు కుడిది, ఆరు నెలలు ఆగి ఎడమది" అన్నాడు. ఇన్సూరెన్సు ఉంది కదా అనే ధైర్యంతో రెండు ఆవుల్ని అమ్మి కుడికాలు చేయించాం. క్లెయిము డబ్బు రాగానే ఎడమకాలు చేయించాలని అనుకున్నాం.

డబ్బు రాలేదు, ఉత్తరం వచ్చింది. ఆ నొప్పి పాలసీ తీసుకోక ముందునుంచే ఉందట, కాబట్టి పైసా ఇవ్వరట. పచ్చి అబద్ధం! పాలసీ తీసుకున్న మూడేళ్ళకు కదా ఆమె పడింది! డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్టు ఉంది, ఎక్స్‌రేలు ఉన్నాయి.

అప్పుడు నాకు ఇరవయ్యేడేళ్ళు. తిరుప్పూరులో బనీన్లు ఎగుమతి చేసే కంపెనీలో, విదేశాల పార్టీలకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసే ఉద్యోగం. నేను గెలవలేని తగాదా ఈ భూమ్మీద లేదని నా నమ్మకం. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నారు పెద్దలు. నా విషయంలో పోవడానికి ముందు ఎంత ఉండేదో కూడా అనుమానమే.

తెలిసిన వకీలు ఒకాయన, తమిళాయన, ఫైలంతా తిరగేసి, "గెలుపు మీదే తంబీ. పై అధికారులకు ఫిర్యాదు రాసి పెట్టాను. దానికి ముందు ఈ నోటీసు తీసుకెళ్ళి బ్రాంచి మేనేజరుకు ఇవ్వు. మొత్తం డబ్బు పదిహేను రోజుల్లో ఇమ్మని అడిగి రసీదు తీసుకో. వాళ్ళిచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, తీయగా మాట్లాడొద్దు" అన్నాడు.

"తీయగానా? నేనా?" అని నవ్వాను.

అత్త కూడా బయల్దేరింది. బస్సులో నేను పళ్ళు కొరుకుతూ మాటలు కూడబలుక్కుంటూ ఉంటే ఆమెకు భయమేసింది.

"రంగా, రొంబ కోపంగా మాట్లాడొద్దురా. పాపం, వాండ్లూ జీతానికి ఉండేవాండ్లే."

"నువ్వు సుమ్మా ఊరకే ఉండత్తా. ఈ పొద్దు వాండ్ల బల్లలు అదరాల!"

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. అత్త ఎక్కలేక కింద జ్యూసు అంగడి ముందర స్టూలు మీద కూర్చుంది. ఒళ్ళో సంచి, సంచిలో వకీలుగారికని కాచి తెచ్చిన నేతిసీసా.

పైకి వెళ్ళి నోటీసును మేనేజరు బల్ల మీద దబ్బున పెట్టాను. పెన్నుల డబ్బా దొర్లిపోయింది. ఆరంభం బాగుందనుకున్నాను. తమిళంలో మొదలెట్టి, ఇంగ్లీషులోకి ఎక్కి, చట్టం, న్యాయం, ముసలామె ఉసురు అంటూ ఏకధాటిగా పది నిమిషాలు ఉతికాను. ఆయన యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు సర్దుకుంటూ నెమ్మదిగా విన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగి, "అబ్బ, గొంతు ఎండిపోయె" అని తెలుగులో నాలో నేను గొణుక్కున్నాను. అదే కొంప ముంచింది.

ఆయన కళ్ళజోడు తీసేశాడు. "ఏమప్పా, మీరు మనవాండ్లా?"

ఆంధ్రాలో ఉండే మీకు ఈ బాధ తెలియదు. మీకు వీధిలో ఎవరిని కదిలించినా తెలుగే. మాకు బడి తమిళం, బస్సు తమిళం, ఆఫీసు తమిళం. ఎన్నో తరాలుగా మా తెలుగు వంటింటికీ పశువుల కొట్టానికీ మధ్యనే తిరుగుతోంది. అలాంటిది ఒక కొత్త మనిషి నోట ఆ మాట వినపడితే ప్రాణం లేచొస్తుంది. వెంటనే ఇంటిపేరు అడుగుతాం, వరస తేలుస్తాం. తేలేదాకా మనసు నిలవదు, తేలాక నోరు లేవదు.

"అవును సార్. అవినాశి పక్కన."

"ఇంటిపేరు?"

"మల్లెలవాండ్లం."

ఆయన కుర్చీలోంచి లేచేశాడు. "మా ఇంటామె మల్లెలవాండ్ల ఆడబిడ్డే గదప్పా! పెరియకుళంలో ఉండారు వాండ్లు. అయితే నువ్వు నాకు బామ్మర్ది అవుతావు! కూచో, కూచో. కాఫీ తాగుతావా?"

బావ! అంటే మా ఇంటి అల్లుడు! అల్లుడి ముందు గొంతు పెంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, మొదటిసారి చూసినప్పుడు వట్టి చేతులతో ఉండకూడదు. ఇవన్నీ మాకు ఉగ్గుపాలతో పోసినవి. నేను కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాను. గొంతు దించాను. కింద పడిన పెన్నులన్నీ ఏరి డబ్బాలో పెట్టాను. "ఒక్క నిమిషం బావా" అని మెట్ల మీద పరుగెత్తాను.

"ఏమిరా, ఇచ్చినారా?" అంది అత్త.

"అత్తా, ఆ మేనేజరు మనకు సొంతం, చుట్టం! మల్లెలవాండ్ల అల్లుడు!"

"ఆఁ! అల్లుడి దగ్గరికి వట్టి చేతులతోనా పోయింటివి? సిగ్గు లేదా నీకు? ఇదో, ఈ నెయ్యి తీస్కో. ఎదురంగట్లో వేష్టి, తుండు ఒక జత కొనుక్కోని పో."

అల్లుడికి నెయ్యి లేదు, అల్లుడితో వచ్చినవాళ్ళకు నూనె లేదని సామెత. మా ఇంట అల్లుడికి నెయ్యి ఉంది, అత్తకే మోకాలు లేదు.

బావ వేష్టిని కళ్ళకద్దుకున్నాడు. ఒక కాగితం ముద్రించి నా ముందుకు జరిపాడు. "పై ఆఫీసువాండ్లు పైసా కూడా ఇయ్యం అంటా ఉండారు బామ్మర్దీ. మనకు సొంతమని నేనే మాట్లాడి ఇది ఇప్పిస్తా. అత్తది ఇక్కడ సంతకం, సాక్షికి నీది ఇక్కడ."

రెండు పేజీల ఇంగ్లీషు. నేనేమో ఇంగ్లీషు మీద బతికేవాణ్ణి. ఒక కామా తప్పుంటే కంపెనీ ఉత్తరాన్ని గడప దాటనిచ్చేవాణ్ణి కాదు. కానీ బావ ఎదురుగా కూర్చుని ఉండగా, బావ ఇచ్చిన కాగితాన్ని చదివితే ఏమనుకుంటాడు? నమ్మలేదనుకోడూ? అల్లుణ్ణి నమ్మని ఇల్లు ఇల్లేనా? తలొంచుకుని సాక్షి దగ్గర గిలికేశాను. నోటీసు బల్ల మీదే మరిచి, కాగితాన్ని కిందికి పట్టుకెళ్ళాను.

"చదివినావా రంగా?" అంది అత్త.

"బావ ఇచ్చిండేది అత్తా!"

"సరి అయితే." ఊపిరి బిగబట్టి, తమిళ అక్షరాల్లో తన పేరు ఒక్కొక్కటే కూడబలుక్కుని రాసింది. దాన్ని పైకి తీసుకెళ్ళి బావకిచ్చి, నకలు ఒకటి తెచ్చుకున్నాను.

కొద్దిరోజుల్లో క్లెయిములో నాలుగో వంతు బ్యాంకులో పడింది. మొదటి కంతు అనుకున్నాను, ఆ తెలివి చూడండి! సంబరంగా వకీలు దగ్గరికి పరుగెత్తి కాగితం నకలు చూపించాను. ఆయన చదివి నెత్తిన చేయి పెట్టుకున్నాడు.

"ఇదే పూర్తి చెల్లింపుగా ఒప్పుకుంటున్నాం, ఇకమీదట ఏ ఫిర్యాదూ చేయం అని రాసుంది కదయ్యా! ఎవరీ సాక్షి?"

"నేనే సార్."

"నోటీసుకు రసీదు?"

"అడగలేదు సార్. కాఫీ తాగాం."

ఆయన కాగితాన్ని మడిచి నా చేతికిచ్చి, ఇప్పటికైనా కేసు వేసి పోట్లాడొచ్చని చెప్పాడు. అత్తనడిగితే, "అల్లుడి మీద కేసా? ఆయన ఇంటామె మనింటి పిల్ల, దాని మొగం ఎట్ల చూసేది? ఒద్దురా" అంది. నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు. మర్యాద ఆమెది, నాది పిరికితనం. కోర్టులో నిలబడి, ఇంగ్లీషు వచ్చు, అయినా చదవలేదు అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు, మీతోనే అంటున్నాను.

సరే, నేనే కూడబెట్టి చేయిస్తానని చీటీ కట్టాను. చీటీ చేతికొచ్చేసరికి నాలుగేళ్ళు గడిచాయి. ఆ లోపల అత్తకు షుగరు పెరిగింది, గుండె బలహీనపడింది. "ఇప్పుడు కత్తి పెట్టడం ప్రమాదం" అని డాక్టరు చేతులెత్తేశాడు. కింద కూర్చుని పాలు పితకలేక మిగిలిన రెండు ఆవుల్నీ అమ్మేసింది. ఇప్పటికీ ఆ ఖాళీ కొట్టం పక్కనుంచి పోవాలంటే నాకు ఏడుపొస్తుంది.

మొన్నామధ్య బావ కూతురి పెళ్ళి. శుభలేఖ వచ్చింది. పోకపోతే బాగుండదని అత్త పట్టుబట్టింది. కర్ర ఊతంతో ఒరుగుతూ మండపంలోకి వస్తుంటే బావ ఎదురొచ్చి, చేయి పట్టుకుని, ముందు వరసలో కూర్చోబెట్టాడు. నిజంగానే ఆప్యాయంగా.

"ఏమత్తా, ఇట్ల కుంటుతా ఉండారే! ఆ కాలుకూ అప్పుడే ఆపరేషన్ చేయించుకోని ఉండొచ్చు గదా?"

చెప్పెయ్యాలి, ఇప్పుడైనా చెప్పెయ్యాలి అనుకున్నాను. బల్లలు అదరగొట్టే నేను వంగి అత్త కర్రను కుర్చీకి ఆనించాను. అత్త నావైపు ఒక్కసారి చూసి, ఆయనతో నవ్వుతూ అంది:

"నాకు కత్తంటే భయం అల్లుడా. వీడు పాపం ఎన్ని తూర్లు పిలిచినాడో. నేనే ఒద్దంటి."

బావ నా వీపు తట్టాడు. "ఇంత మంచి మేనల్లుడు ఉండగా మీకెందుకత్తా భయం!"

ఆయన అటు తిరగగానే అత్త చెవి దగ్గర వంగి, గుండె మీద చేయేసుకుని ప్రమాణం చేశాను. "అత్తా, ఇంగ ఏ ఆఫీసుకు పోయినా ఇంటిపేరు ఇంట్లోనే పెట్టి బీగం వేస్తా. గొంతెండితే తమిళంలోనే గొణుక్కుంటా. అల్లుడు కాదు, అల్లుడి తాత ఇచ్చిన కాగితమైనా, ఆయన ముందరే కడా అక్షరం దాకా గట్టిగా చదివినాకే పెన్ను తీస్తా. ఇది సత్యం!"

"అట్లే చెయ్యి నాయనా" అంది అత్త, కర్ర అందుకుంటూ. "ఇప్పుడు ముందు నన్ను పట్టుకోని లేపు."