తయారేనా?

మా జములమ్మ పెద్దమ్మకు ఒక్కటే జబ్బు. ఏ పని మొదలుకావాలన్నా అందులో ఉన్న ప్రతి మనిషినీ "తయారేనా?" అని అడగాలి. ఒక్కరు కాదన్నా పని ఆగాలి.

ఇది రాకెట్ కేంద్రంలో అంటుకున్న జబ్బు. గద్వాల నుంచి పోయి అక్కడ ప్రయోగాల గదిలో అధికారిగా కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమె. రాకెట్ ఎగిరే ముందు ఒక్కో విభాగాన్నీ పిలిచి అడుగుతారట. ఓసారి అందరూ తయారన్నాక ఈమె ఒక్కతే కాదంది. బయట పెద్దలు దండలతో ఎదురుచూస్తున్నారు. విప్పి చూస్తే ఇంధనం గొట్టంలో చీలిక. సన్మాన సభల్లో దీన్ని దేశభక్తి అంటారు. ఆమె మాత్రం "గొట్టం పలిగింది, చెప్పిన. గంతే" అంటుంది.

రిటైరై మా ఊరు పెద్దమందడి చేరాక రాకెట్లు లేవు, మేం దొరికాం. వనపర్తి ఆటో ఎక్కితే డ్రైవర్ మొహసిన్‌కు చుక్కలే.

"బ్రేకులు?"

"తయార్, పెద్దమ్మా."

"ఎనక కూసున్నోళ్లు?"

"నా చెప్పు కింద పడ్డది!" సకీనాబీ కేక. ఆటో ఆగిపోయింది.

"ఇది ఆటోనా, రాకెట్టా?" మొహసిన్ నెత్తి కొట్టుకున్నాడు. మూల సీట్లో అఖిల నర్సింగ్ పుస్తకంలోంచి తలెత్తి నవ్వింది.

మొన్న ఆ అఖిలకే నిశ్చితార్థం. వచ్చే నెలలోనే లగ్గమని పెద్దలు ఖాయం చేశారు. తాంబూలాలు మార్చుకునే వేళకు పెద్దమ్మ లేచింది. అఖిల తండ్రి వెంకటన్న ముఖం మాడిపోయింది.

"జర కూసో అక్కా!"

"ఆగు తమ్మీ. అయ్యగారూ?"

"తయార్," అన్నాడు పంతులు.

"బ్యాండోళ్లు?"

ఢమఢమ.

"పిలగాని నాయిన?"

"తయారే, తల్లీ."

పందిరంతా నవ్వులు.

"అఖిలా?"

నవ్వులు ఆగాయి. ఆ పిల్లను అంతదాకా ఎవరూ అడగలేదు.

"మహేందర్ నచ్చిండు పెద్దమ్మా. వచ్చే నెల లగ్గానికే తయార్ లేను. గప్పుడే ఆఖరి పరీక్షలున్నయి."

"గిప్పుడా చెప్పేది?" వెంకటన్న గుడ్లురిమాడు.

"గిప్పుడే గద అడిగింది," అంది పెద్దమ్మ. "మహేందర్?"

పెళ్లికొడుకు తన తండ్రి వైపు చూడకుండా గొణిగాడు. "నేను గూడ లేను. ఇంటికి ఇంకా స్లాబే పడలే."

లగ్గం ఎండాకాలానికి మారింది. వెంకటన్న మూతి ముడుచుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ వంటోళ్ల వైపు తిరిగింది.

"బగార అన్నం?"

"తయార్!"

"తినేటోళ్లు?"

"తయార్!" పందిరి అదిరిపోయింది. అందరికంటే గట్టిగా అరిచింది వెంకటన్నే.