బుర్హానుద్దీన్ మోసిన చావు కబురు

సిరిసిల్ల సాలోళ్ళ వాడలో బుర్హానుద్దీన్‌ది సైకిల్ షాపు కాదు, రేడియో స్టేషన్. ట్యూబుకు అతుకు వేయించుకోవడానికి వచ్చినవాడు ఊరి వార్తలన్నీ విని పోయేవాడు. "బుర్హాను చెవిన ఏస్తే డప్పు సాటింపు ఎందుకే?" అని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. ఆయనకూ అది తప్పుగా తోచేది కాదు. మాటల్లో పడి టైరు పగిలేదాకా గాలి కొట్టేవాడు పాపం!

అలాంటి మనిషికి ఆ ఎండాకాలం నోరు కట్టేసుకోవాల్సిన పని పడింది.

నక్సలైట్ల రోజులవి. అడవిలో ఎదురుకాల్పులన్నారు. పోలీసులు ఒక కుర్రవాడి శవాన్ని తెచ్చారు. ముఖం ముఖంలా లేదు. కొడుకులు కనిపించకుండా పోయిన ఇళ్ళవాళ్ళను పిలిచి చూడమన్నారు. బుర్హానుద్దీన్ పక్కింటి ఆగయ్య కూడా వెళ్ళాడు. ఆయన కొడుకు జనార్దన్ తునికాకు కూలీల సంఘమంటూ తిరిగి తిరిగి, చివరికి ఆచూకీ లేకుండా పోయాడు.

ఆగయ్య ఆ ముఖంకేసి చూడలేదు. శవం నడుముకున్న లుంగీ అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. పచ్చ పోగుల పక్కన ఒక్క నల్ల పోగు. అమ్మకానికి నేసే బట్టలో ఆ అంచు వేయడు, ఇంటివాళ్ళకు మాత్రమే వేస్తాడు. సాలోడు ఏది మరిచినా తన చేతి బట్టను మరుస్తాడా?

"నేను నేసిందే. నా కొడుకే," అన్నాడు.

పొద్దుగూకక ముందే దహనం చేసేశారు. ఆగయ్యే తలకొరివి పెట్టాడు.

ఇక కూతురు రాజవ్వకు చెప్పాలి. ఆమెను మహారాష్ట్రలోని బిలోలికి ఇచ్చారు. తోడబుట్టింది రానిదే పదో రోజు పిట్టకు ముద్ద పెట్టరు. కొరివి పెట్టిన తండ్రి దినాలు అయ్యేదాకా పొలిమేర దాటకూడదు. చూస్తే బందు, బస్సులు నడవడం లేదు. పోనీ టెలిగ్రాం ఇద్దామంటే, జనార్దన్ తల్లి కిష్టవ్వ ఒప్పుకోలేదు.

"సావు కబురు మనిషి మోయాలె గని కాయితం మోసుడేంది? కాయితాన్ని పట్టుకొని ఏడుస్తదా నా బిడ్డ?"

"నేను పోత వదినె," అన్నాడు బుర్హానుద్దీన్.

ఆయన భార్య తాహెరాబీ బుగ్గలు నొక్కుకుంది. "యా అల్లా! ఏములాడ దాటి ఎరుగవు, సరిహద్దు దాటుతవా? తొవ్వల పోలీసోళ్ళు ఆపితే నీ నోరు ఊకుంటదా?"

"సైకిల్ నడుస్తది, నోరు మూసుకుంటది."

"గా తమాషా సూద్దామన్న నేను గూడ అస్త!" అంటూనే ఆమె సద్ది కట్టి ఆయన్ను ఒక్కణ్ణే సాగనంపింది.

కబురు మోసేవాడికి ఒక పద్ధతి ఉంది. గడపలో నిలబడి 'చచ్చిపోయాడు' అని అనేయకూడదు. ఇంట్లో ఎవరికో పాణం బాగలేదు, రమ్మన్నారు అనాలి. వినేవాళ్ళకు అర్థమవుతుంది, కానీ గుండె ఒక్కసారిగా ఆగిపోదు. 'మీ అమ్మకు పాణం బాగలేదు బిడ్డా' అని వల్లె వేసుకుంటూ తొక్కాడు. కోరుట్ల చేరేసరికి మాట బాగా కుదిరింది. మెట్‌పల్లి దాటాక ఏడుపొచ్చి మళ్ళీ చెడింది. జనార్దన్‌కు సైకిల్ నేర్పింది ఆయనే మరి! వాడు మోరీలో పడినప్పుడల్లా ముందు సైకిల్‌ను లేపి, తర్వాత వాణ్ణి లేపేవాడు.

ఆర్మూరు దగ్గర ఒక పోలీసాయన లాఠీ అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి?"

"బిలోలికి సార్. మా వదినెకు పాణం బాగలేదు, ఆమె బిడ్డను తోల్కరావోతున్న."

"పేరు?"

"బుర్హానుద్దీన్."

"వదినె పేరు?"

"కిష్టవ్వ."

పోలీసాయన ఒకసారి టోపీని చూశాడు, ఒకసారి గడ్డాన్ని చూశాడు. "నువ్వు బుర్హానుద్దీనువు, నీకు వదినె కిష్టవ్వనా?"

"మా వాడల గట్లనే ఉంటది సార్."

ఏమనుకున్నాడో, పొమ్మన్నాడు.

నిజామాబాదులో ఒక మసీదు అరుగు మీద నడుం వాల్చి, తెల్లారి మళ్ళీ ఎక్కాడు. బోధన్ దాటి సాలూర దగ్గర మంజీర వంతెన. అది దాటితే మహారాష్ట్ర. సరిహద్దంటే ఏదో గోడ ఉంటుందనుకున్నాడు. అటూ ఇటూ అవే బర్రెలు! బోర్డుల మీద అక్షరాలు మాత్రం మారిపోయాయి.

బిలోలిలో రాజవ్వ ఇల్లు వెతికి పట్టుకొని, గొంతు సవరించుకొని తలుపు కొట్టాడు. తలుపు తెరుచుకుంది.

"మీ అమ్మకు పాణం..."

ఎదురుగా జనార్దన్! చేతిలో సగం తిన్న జొన్నరొట్టె, మూతికి కారం.

బుర్హానుద్దీన్ చేతిలో సైకిల్ దబ్బున పడిపోయింది.

"చిచ్చా! గీడికెట్ల అచ్చినవే?"

"నువ్వు... నువ్వు సచ్చిపోయినవు గదరా!"

"ఎవలు జెప్పిన్రు?"

"మీ నాయినే! కొరివి గూడ పెట్టిండు!"

లోపలినుంచి వచ్చిన రాజవ్వ నవ్వింది. "ఎండ తలిగింది చిచ్చకు. కూసోవెట్టు తమ్మీ, సల్ల తెస్త."

బుర్హానుద్దీన్ కూర్చోలేదు. శవం సంగతి, లుంగీ సంగతి, నల్ల పోగు సంగతి గడపలోనే చెప్పేశాడు. జనార్దన్ చేతిలో రొట్టె జారిపోయింది.

"గది దేవదాసు, చిచ్చా. మా సంఘపోడు, మల్లాపూర్ పిలగాడు. నేను భయపడి గీడికి ఉరికస్తుంటే, 'మీ అక్క ఇంట్ల బట్టలు దొరుకుతయి, నీ లుంగి నాకిచ్చిపో' అన్నడు. ఇచ్చిన."

రాజవ్వ తమ్ముడి భుజం పట్టుకొని వదలలేదు. బతికే ఉన్నాడా లేడా అని తడుముతున్నట్టు ఉంది ఆ పట్టు. తర్వాత ఆ చేయి మెల్లగా జారింది.

"గా పిలగానికి తల్లి ఉన్నదారా?"

"లసుమవ్వ. ఒక్కడే కొడుకు." జనార్దన్ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. "నేనస్త పా చిచ్చా. అమ్మ ఏడుస్తాంది."

"అస్తే నిజంగనే ఏడుస్తది! సచ్చినోన్ని ఎవలు ఎతుకరు. నువ్వు గీన్నే ఉండు, సచ్చినట్టే ఉండు," అన్నాడు బుర్హానుద్దీన్.

రాజవ్వను వెనక కూర్చోబెట్టుకొని తిరిగి బయలుదేరాడు. కోరుట్లలో సైకిల్ మల్లాపూర్ తోవకు మళ్ళింది.

"గిటెందుకు చిచ్చా? ఆమె బయటికి జెప్తే తమ్ముడు బతుకడు!"

"చెప్పకుంటే గా తల్లి ఎన్నేండ్లు తొవ్వ జూస్తది బిడ్డా?"

లసుమవ్వ చాట ముందేసుకొని బీడీలు చేస్తోంది. బుర్హానుద్దీన్ గడప బయటే నిలబడ్డాడు.

"అవ్వా... సిరిసిల్లల మా వదినెకు పాణం బాగలేదు..."

ఆమె చేతులు ఆగాయి. "ఎవల పాణమని చెప్పవట్టినవు కొడుకా? నాకు ఉన్నది ఒక్కడే గద."

ఆయన ఇక పద్ధతి పాటించలేకపోయాడు. మొత్తం చెప్పేశాడు. జనార్దన్ బతికి ఉన్నాడని కూడా దాచలేదు. లసుమవ్వ చాటలోని ఆకులు ఒక్కొక్కటే సర్దింది.

"కట్టెలు మంచిగ పేర్సిన్రా?"

"పేర్సినం అవ్వ. సొంత కొడుకనే కాలవెట్టిండు ఆగయ్యన్న."

"పిట్టకు పెట్టేనాడు నేనస్త," అంది. అంతే.

ఆగయ్యకూ కిష్టవ్వకూ సంగతి చెప్పాక ఇంకో ముప్పు వచ్చిపడింది. పదో రోజు వాడంతా చేరింది. చెట్టుకింద మఫ్టీలో ఉన్న పోలీసొకడు బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. కిష్టవ్వకు ఏడుపు రాలేదు! కొడుకు బతికున్న తల్లికి ఎక్కణ్ణుంచి వస్తుంది? కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బొమ్మలా నిలబడింది. చుట్టూ ఆడవాళ్ళు గుసగుసలాడారు. మఫ్టీవాడు బీడీ ఆపి ఆమెనే చూస్తున్నాడు. విస్తరి పట్టుకొని బుర్హానుద్దీన్ కిష్టవ్వ పక్కకు జరిగాడు.

అప్పుడు గుంపులోంచి లసుమవ్వ వచ్చి కిష్టవ్వను గట్టిగా కౌగిలించుకుంది. పక్కనే ఉన్న బుర్హానుద్దీన్‌కు తప్ప ఎవరికీ వినిపించలేదు ఆమె అన్న మాట.

"ఏడువు అక్కా. నీ కొడుకుకు కాదు, నా కొడుకుకు ఏడువు."

కిష్టవ్వ గొంతు ఒక్కసారిగా పగిలింది. ఇద్దరు తల్లులూ మట్టిలో కూలబడి గుండెలు బాదుకుంటుంటే, మఫ్టీవాడు తల దించుకొని, ప్యాంటు దులుపుకొని వెళ్ళిపోయాడు.