హోంవర్కుకు ఊరి కట్టుబాటు

ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. అందులో నిజంగా లెక్కలు చెప్పిందెంత, హోంవర్కు ఏదని అడిగిందెంత అని ఎవరైనా నిలదీస్తే చెప్పలేను. పొద్దున బోర్డు మీద తేదీ వేస్తాను, వెనక్కి తిరుగుతాను, "నోట్సులు తీయండి" అంటాను. సగం మంది తల దించుకుంటారు. మిగతా సగంలో సగం మంది వరండాలో కూర్చుని ఒకరిది చూసి ఒకరు ఎక్కించినవాళ్ళే. ఆరు, ఏడు, ఎనిమిది, ఈ మూడు తరగతుల్లోనూ ఇదే తంతు. అరిచీ అరిచీ గొంతు పోయి, ఇప్పుడు నా గొంతు నాకే ఎవరిదోలా వినిపిస్తుంది.

మా బడి తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల ఇవతల ఉంది. నెల్లూరు నుంచి గంటకు పైగా బస్సు. వరి చేలు దాటాక రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు, ఆ తర్వాత మా బడి గోడ. రైతుల పిల్లలు కొందరు, గుంటల కాపలాదారుల పిల్లలు కొందరు. పద్నాలుగు మంది మాత్రం ఒడ్డు మీది వేట పల్లె నుంచి నడిచి వచ్చేవారు. నాకు తలనొప్పి తెచ్చింది ఈ పద్నాలుగు మందే. "నోట్సేదిరా?" అంటే, "ఉప్పునీళ్ళకు తడిసింది టీచర్, ఎండకేసుండా" అనేవాడు ఒకడు. మూడు వారాలు ఎండింది ఆ నోట్సు. ఒడియాలు కూడా అంతకంటే తొందరగా ఎండుతాయి.

వాళ్ళలో ఒక పిల్ల మాత్రం వేరు. ఎనిమిదో తరగతి. లెక్క బోర్డు మీద పూర్తిగా పడకముందే జవాబు చెప్పేసేది. మెట్లు రాయమంటే మాత్రం మొహం మాడ్చుకునేది. "తెలిసిపోయినాక మళ్ళా రాసేదెందుకు టీచర్?" అని వాదన. ఆ ఏడాది ఎనిమిదో తరగతి వాళ్ళకు పెట్టే స్కాలర్‌షిప్పు పరీక్షకు ఆ పిల్ల పేరు నేనే పంపాను. ఫారం మీద సంతకానికి వచ్చిన తండ్రి, నలుగురు ఎక్కే ఫైబర్ పడవకు చుక్కాని పట్టే మనిషి, ఆఫీసు గదిలో నిలబడే చెప్పాడు.

"టీచరమ్మా, ఇది పాసయితే పది అయినాక గూడా చదివిస్తా. నెల్లూరికే పంపిస్తా. కాకపోతే పదితో ఆపేసి రొయ్యలు ఒలిచే షెడ్డుకు పంపించేస్తా, వాళ్ళమ్మతో పాటు. ఇదే నా మాట."

ఆ పిల్ల పాసవుతుందని నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు. అందుకే ఆ షరతుకు నేను కూడా తలూపాను.

ఆ ఏడాది జూన్‌లోనే నాకు విసుగెత్తి తరగతి నియమాలు ఒక చార్టు మీద రాసి గోడకు అంటించాను. రోజూ హోంవర్కు తేవాలి, సొంత దస్తూరీతో రాయాలి, జవాబు ఒక్కటే కాదు మెట్లన్నీ ఉండాలి, నెలలో మూడుసార్లు తప్పితే ఇంట్లోవాళ్ళను తీసుకురావాలి. అవే కాగితం మీద రాసి, జిరాక్సు తీయించి తల్లిదండ్రుల సంతకానికి పంపాను. రైతుల ఇళ్ళ నుంచి సంతకాలతో వచ్చాయి. అందులో కొన్ని పిల్లలే పెట్టుకున్నారని తెలిసినా ఊరుకున్నాను. వేట పల్లె నుంచి ఒక్కటీ రాలేదు.

"కాగితం ఏదీ?" అని అడిగాను.

"ఊరికిచ్చినాం టీచర్," అన్నారు అందరూ ఒక్కమాటగా.

ఊరందరికీ వచ్చిన కాగితం మీద ఆ పల్లెలో ఇంటికొకరుగా సంతకం పెట్టరట. ఏ మాటయినా ఊరి కాపుల ముందుకు వెళ్ళాలి. కాపులంటే పెద్దలు. వాళ్ళు ఒప్పుకుంటే అది ఊరందరికీ దురాయి. అంటే ఇక ఆ కట్టుబాటు దాటడానికి ఎవరికీ వీల్లేదు. ఫలానా రోజు వేటకు పోకూడదన్నా, ఫలానా వల వాడకూడదన్నా దురాయే. నా హోంవర్కు కాగితం కూడా ఆ దారినే పోయింది. వారం తిరక్కుండా కబురొచ్చింది, టీచరమ్మను రమ్మంటున్నారని.

బడి వదిలాక వెళ్ళాను. వలలు బాగుచేసుకునే షెడ్డులో చాప వేసి కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. పెద్దకాపు డెబ్భై దాటిన మనిషి. నా కాగితం ఒక కుర్రవాడి చేత పైకి చదివించాడు. ఒక్కో నియమానికి ఆగి, "ఇది న్యాయమే" అని తలూపాడు. చివరికి వచ్చేసరికి ఆపాడు.

"మూడు తూర్లు తప్పితే ఏందమ్మా? ఇంట్లోవాళ్ళు వచ్చి నిలబడితే అయిపోద్దా? తప్పుకు ఏదో ఒకటి ఉండాల గదా. లేకుంటే అది మాటెట్టా అవుద్ది?"

ఐదున్నర బస్సు పోతే మళ్ళీ ఏడున్నరకే. పొద్దున్నుంచి ఆరు పీరియడ్లు నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి. ఆ రోజు మరుగుదొడ్ల ఫోటోలు, మధ్యాహ్న భోజనం ఫోటోలు యాప్‌లో ఎక్కక నాలుగుసార్లు తీశాను. ప్రాణం ఉసూరుమంటోంది.

"మీ ఊరి సంగతి మీకే తెలుసు కదండీ. మీరే ఏదో ఒకటి పెట్టండి," అని లేచాను.

ఆ మాట అని బస్సందుకున్నాను. కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించాను కూడా.

రెండు రోజుల తర్వాత పిల్లలు చెప్పారు. మైకులో దురాయి వేశారట. మూడుసార్లు హోంవర్కు తప్పిన బిడ్డ ఇంటి మగమనిషి మర్నాడు వేటకు పోకూడదు. నలుగురు ఎక్కే పడవలో ఒకడు ఆగితే పడవే ఆగుతుంది, అంటే ఒక పిల్లవాడు గుణకారం చేయకపోతే నాలుగిళ్ళ పొయ్యి మీదికి వస్తుంది. నేను గాభరా పడాల్సింది. మర్నాడే పరుగెత్తుకెళ్ళి వద్దని చెప్పాల్సింది. దాచడం ఎందుకు, నాకు లోలోపల సంతోషం వేసింది. ఎవరో ఒకరు నా మాటకు బలం ఇచ్చారు కదా అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి పద్నాలుగు నోట్సులూ నా టేబుల్ మీద ఉండేవి. సొంత దస్తూరీ, మెట్లు, మార్జిను, కింద గీత. అన్నీ ఒప్పులని కాదు. మందకొడి పిల్లవాడి నోట్సులో మందకొడి తప్పులే ఉండేవి. భిన్నాలు కూడేటప్పుడు హారాలు కూడా కూడేసేవాడు, అచ్చం వాడు చేసేలాగే. అది చూసే నేను నమ్మాను. కాపీ అయితే అందరికీ ఒకే తప్పు వస్తుంది కదా. మండలంలో లెక్కల టీచర్ల సమావేశంలో ఈ సంగతి చెప్పి గొప్పలు పోయాను. హెడ్మాస్టరు గారు నోట్సుల ఫోటోలు తీయించి పైకి పంపారు.

మరోపక్క ఆ ఎనిమిదో తరగతి పిల్ల నీరసించిపోతోంది. క్లాసులో జవాబులు ముందుకు దూకడం ఆగిపోయింది. పరీక్షకు అభ్యాసం కోసం సాయంత్రాలు చేసుకురమ్మని నేను ఇచ్చిన మోడల్ పేపర్లు మొదటిది నిండా చేసి తెచ్చింది, రెండోది సగం, ఆ తర్వాతవి ఖాళీగా తెచ్చింది.

"ఏమే, నాలుగు మార్కులు ఎక్కువొచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయా?" అని అందరి ముందూ కడిగేశాను.

తల దించుకుని, "తలనొప్పి టీచర్," అంది. నాకు ఒళ్ళు మండింది. నా తలనొప్పి ముందు నీ తలనొప్పి ఎంతే అనుకున్నాను.

పరీక్ష డిసెంబరులో ఒక ఆదివారం. ఆ ముందు బుధవారం ఆరో తరగతి నోట్సులు దిద్దుతున్నాను. వేట పల్లె నుంచి వచ్చే ఒక చిన్నపిల్ల లెక్కలు అన్నీ ఒప్పులే. ఎప్పుడూ లేనిది. "శభాష్, ఈ రోజు ఒక్క తప్పూ లేదే!" అన్నాను. ఆ పిల్ల మెచ్చుకోలుకు నవ్వకపోగా బావురుమంది.

"అక్క తప్పు పెట్టేది మర్చిపోయింది టీచర్! నేను రాసుకునేప్పుడు చూసుకోలా. దురాయి తప్పినట్టా టీచర్? మా నాయన్ని ఆపేస్తారా?"

ఎవరా అక్క అని నేను అడగనక్కర్లేకపోయింది.

ఎనిమిదో తరగతి పిల్లను స్టాఫు గదికి పిలిచాను. ఏమీ దాచకుండా చెప్పేసింది. దురాయి వేసేనాటికే ఆ నెలలో ఇద్దరు పిల్లలు రెండేసి సార్లు తప్పి ఉన్నారట. ఊళ్ళో ఆడవాళ్ళు భయపడి వచ్చి ఈ పిల్లను పట్టుకున్నారు. చదువొచ్చిన బిడ్డవు, నువ్వే కాపాడాలన్నారు. అప్పటి నుంచి రోజూ బడి వదిలాక వలల షెడ్డులో కూర్చుని పదమూడు మందికీ పదమూడు కాగితాలు రాసేది. వాళ్ళు వాటిని చూసి సొంత దస్తూరీలో ఎక్కించుకునేవారు. మూడు తరగతుల లెక్కలు. అందరికీ ఒకేలా ఉంటే నేను పట్టేస్తానని, ఎవరెవరు ఏయే తప్పు చేస్తారో గుర్తుపెట్టుకుని వాళ్ళ తప్పు వాళ్ళకు వేసేది. నా పిల్లలు ఎక్కడెక్కడ తప్పుతారో ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న నాకంటే ఆ పిల్లకే బాగా తెలుసు.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే అందరూ తప్పినట్టే గదా టీచర్. అన్ని పడవలూ ఆగిపోతాయి."

"మరి నీ పరీక్ష?"

"టైం సాల్లా," అంది. ఫిర్యాదుగా కాదు. వాన పడుతోంది అన్నట్టు చెప్పింది.

ఆ సాయంత్రమే పల్లెకు వెళ్ళాను. ఈసారి బస్సు సంగతి తలుచుకోలేదు. తప్పు నాదేనని, పిల్లల చదువుకు ఇళ్ళవాళ్ళ వేటను ముడిపెట్టనివ్వకుండా ఉండాల్సిందని, ఆ మాట వెనక్కి తీసుకోమని పెద్దకాపును అడిగాను. పదమూడు మందికీ ఒక్క పిల్లే రాస్తోందని కూడా చెప్పాను.

"మాకు తెలుసమ్మా," అన్నాడు పెద్దకాపు. "ఊళ్ళో ఎవురికి తెలీదు? మీరు హోంవర్కు కావాలన్నారు, తెచ్చినాం. చదువు కావాలన్నారని మేమనుకోలా."

దురాయి ఎత్తేశారు. మర్నాటి నుంచి నేను హోంవర్కు ఇవ్వడం మానేశాను. గురు, శుక్ర, శనివారాలు బడి వదిలాక ఆ పిల్లను కూర్చోబెట్టుకుని, ఖాళీగా వచ్చిన పేపర్లన్నీ చేయించబోయాను. ఆరు నెలల పనిని మూడు సాయంత్రాల్లో కుక్కాలని నా ఆరాటం. ఆ పిల్ల లెక్క మధ్యలో కళ్ళు మూసుకుని కునికేది. లేపాలంటే నాకే చేతులు రాలేదు.

ఫలితాలు ఫోనులో వచ్చాయి. ఆ పిల్ల నంబరు కోసం జాబితా మూడుసార్లు కిందికీ పైకీ తోశాను. లేదు. పిలిచి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

"పోనీలెండి టీచర్. ఒక్క పడవ గూడా ఆగలేదు గదా," అంది. నన్ను ఓదారుస్తోందని అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

తండ్రితో మాట్లాడాలని ఒడ్డుకు వెళ్ళాను. ఇసుకలో కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. ఆ పిల్ల పక్కనే కూర్చుని వల చాపి పట్టుకుంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను బతిమాలాను. పరీక్ష పోవడానికి కారణం నేనని, పిల్ల తెలివిలో లోపం లేదని, పదితో ఆపొద్దని, ఖర్చుల సంగతి నేనూ చూస్తానని, మాట మార్చుకోమని. ఆయన అడ్డు చెప్పకుండా అంతా విన్నాడు. నాకు కూర్చోవడానికి తెరచాప గుడ్డ ఒకటి మడత వేసి ఇచ్చాడు.

"మీకు మేలు చేసే గుణముండాది టీచరమ్మా. కాదన్ను," అన్నాడు. "మీరొక మాట పెట్టి పోయినారు. అది మంచిదా చెడ్డదా అని మేం అడగలా. ఆరు నెలలు ఊరంతా ఒక్క రోజు గూడా తప్పకండా నిలబెట్టినాం. నా బిడ్డ చేతే నిలబెట్టించినాం. ఇప్పుడు నేనాడిన మాట నన్నే తప్పమంటే ఎట్టమ్మా?"

నాకు సిగ్గు వేసింది. ఆయన వల వైపు తిరిగాడు. ఆ పిల్ల మాత్రం నేను కూర్చోమని చెప్పేదాకా కూర్చోకూడదన్నట్టు ఇంకా నిలబడే ఉంది.

"కూర్చోమ్మా," అన్నాను.

కూర్చుని, మళ్ళీ వల అందుకుంది.