దేవుడితో కటీఫ్

బడి నుంచి వస్తూ నెట్ సెంటర్లో కూర్చుని ఇది టైపు చేస్తున్నాను. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేకపోయాను.

బందరులో మాది చిన్న క్రైస్తవ ప్రాథమిక పాఠశాల. పొద్దున ప్రార్థనలో పిల్లలందరూ కళ్ళు మూసుకుంటే, మూడో తరగతి దుర్గ ఒక్కతే చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ప్రార్థన అయ్యాక పక్కకు పిలిచాను.

"ఏమ్మా, కళ్ళెందుకు మూసుకోలేదు?"

"దేవుడితో కటీఫ్ అండీ."

క్రిస్మస్ నాటికలో దేవదూత వేషం రావాలని వారం రోజులు ప్రార్థించిందట. నిన్న గొర్రె వేషం వచ్చింది. వేషాలు పంచింది నేను, కోపం మాత్రం ఆయన మీద.

దేవుడి మీద అలగకూడదని చెప్పబోతుంటే, తనే నా కొంగు పట్టుకుంది.

"మా నాన్న సముద్రం మీద వేటకెళ్ళాడు టీచర్. గాలి ఎక్కువుందని మామ్మ ఏడుస్తంది. పడవని జాగ్రత్తగా ఒడ్డుకి చేర్చమని మీరు చెప్పండి. నేను మాట్లాడను కదా."

కటీఫ్ చెప్పుకున్న పిల్లలు అవసరమొస్తే మూడో మనిషి చేత కబురు పంపుకుంటారు. ఆ మూడో మనిషిని నేనే అయ్యాను. అక్కడే కళ్ళు మూసుకుని చెప్పాను. కటీఫ్ చెప్పాలన్నా అవతల ఎవరో ఉన్నారని నమ్మాలి కదా!

సాయంత్రం పడవ వచ్చేసిందని తెలిసింది. దుర్గ గేటు దగ్గర ఆగింది.

"ఆయనకి థాంక్స్ చెప్పండి టీచర్. గొర్రె సంగతి నేను మర్చిపోలేదని కూడా చెప్పండి."

రెండూ చెప్పాను. మీలో ఎవరికైనా ఆయనతో మాటల్లేకపోతే ఇక్కడ రాయండి, రేపు పొద్దున చేరవేస్తాను.